పట్టీ మీద ఏం రాయాలి?

పొద్దున్నే పరుగుకో సైకిలు తొక్కడానికో బయల్దేరేటప్పుడు పర్సు ఇంట్లోనే ఉండిపోతుంది. ఫోను వెంట ఉన్నా దానికి లాకు ఉంటుంది. సూరత్‌లో అడాజన్ నుంచి తాపీ నది దాటి అఠ్వా వైపు వెళ్లే తీగల వంతెన దగ్గర అలా వెళ్తున్న తెలుగాయన ఒకరు పడిపోయారనుకోండి. చుట్టూ చేరినవాళ్లు గుజరాతీలోనో హిందీలోనో అడిగేది ఒక్కటే: ఈయనెవరు, ఎవరికి చెప్పాలి? ఆ జవాబు ఒంటి మీదే ఉండాలన్న ఆలోచనతోనే చేతి పట్టీ పుట్టింది.

1953లో కాలిఫోర్నియాలోని టర్లాక్‌లో డాక్టర్ మేరియన్ కాలిన్స్ కూతురు లిండాకి ధనుర్వాతం మందు పడక ప్రాణం మీదికొచ్చింది. ఆమెకి ఏం పడదో తల్లిదండ్రులు మొదట కాగితం మీద రాసి కట్టారు, తర్వాత వెండి గొలుసు మీద చెక్కించారు. 1956లో వాళ్లు పెట్టిన సంస్థే మెడిక్ అలర్ట్.

స్పృహ ఉంటే నోటితో చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. ప్రతిసారీ కుదరదు. తలకి దెబ్బ తగిలితే కళ్లు తెరిచి మాట్లాడుతున్న మనిషికీ ఇంటి నంబరు గుర్తుకు రాకపోవచ్చు. ఫిట్స్ వచ్చి తగ్గాక కాసేపు అంతా అయోమయమే. షుగర్ సంగతి ఇంకా చిత్రం. వ్యాయామంలో కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజుని లాక్కుంటాయి. ఇన్సులిన్ తీసుకున్నవాళ్లకి ఆ రెండూ కలిసి చక్కెర పడిపోతుంది. మెదడు ఒంటి బరువులో 2 శాతమే, వాడే శక్తి మాత్రం 20 శాతం. గ్లూకోజు నిల్వ దానికి దాదాపు ఉండదు. డెసిలీటరుకి 54 మిల్లీగ్రాముల కిందికి వెళ్తే మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. చూసేవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. పట్టీ మీద 'డయాబెటిస్, ఇన్సులిన్' అన్న రెండు మాటలుంటే అంబులెన్స్ సిబ్బంది ముందు షుగరే చూస్తారు.

రక్తం పలచబడే మందు వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. చిన్న దెబ్బకే తలలోపల రక్తస్రావం కావచ్చు కాబట్టి, ఆ మందు పేరు చూసిన డాక్టరు స్కానింగ్‌కి ఆలస్యం చేయరు.

చాలామంది మొదట రాయించేది బ్లడ్ గ్రూపు. కానీ పట్టీని నమ్మి ఏ ఆసుపత్రీ రక్తం ఎక్కించదు. నమూనా తీసి గ్రూపు మళ్లీ చూస్తారు, దాత రక్తంతో కలిపి పరీక్షిస్తారు. అంత వ్యవధి లేకపోతే ఓ గ్రూపు రక్తం ఇస్తారు. కలిపి పరీక్షించే జాగ్రత్త ఎందుకో 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన 'బాంబే గ్రూపు' చూస్తే తెలుస్తుంది. మామూలు పరీక్షలో అది ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. కానీ ఓ రక్తకణాల మీదుండే హెచ్ అనే పదార్థం వీళ్లకి ఉండదు, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు ఉంటాయి. ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. తమది బాంబే గ్రూపని తెలిసినవాళ్లు అది తప్పక రాయించుకోవాలి. మిగతావాళ్లకి ఆ చోటు ఫోన్ నంబరుకి ఇవ్వడం మేలు.

ఎవరి నంబరు? సూరత్‌లో తెలుగువాళ్లు కొత్త కాదు. లింబాయత్ వైపు మరమగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాలెన్నో ఉన్నాయి. కార్పొరేషన్ తెలుగు మీడియం బడులూ నడుపుతోంది. అయినా మనసుకి ముందు తట్టేది ఊళ్లో అమ్మానాన్నల నంబరే. అర్ధగంటలో ఆసుపత్రికి రాగలిగి, హిందీలో మాట్లాడగలిగేవాళ్ల నంబరు ముందు ఉండాలి. ఊరి నంబరు రెండోది. పేరు, మందులు, పడనివి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఎవరైనా చదువుతారు.

సిరా చెమటకి చెరిగిపోతుంది, స్టీలు మీద చెక్కించినది నిలుస్తుంది. నాడి చూసేవాళ్ల చెయ్యి మణికట్టు మీదికే వెళ్తుంది కాబట్టి పట్టీకి అదే సరైన చోటు. సీటు కింద సంచీలో పెట్టిన కార్డు సైకిలుతో పాటే రోడ్డు మీద ఉండిపోతుంది. ఫోన్లలోనూ లాకు తీయకుండా 'ఎమర్జెన్సీ' నొక్కితే కనిపించే వైద్య వివరాల పేజీ ఉంటుంది. అదీ నింపండి, కానీ ఫోను పగలొచ్చు, ఎగిరి ఎక్కడో పడొచ్చు.

పట్టీ చూసినవాళ్లు అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చేయొచ్చు: 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ 2007లో గుజరాత్‌కి వచ్చింది. సాయం చేస్తే కేసు మెడకి చుట్టుకుంటుందన్న భయమూ అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను, రోడ్డు ప్రమాదంలో ఆదుకున్నవాళ్లకి రక్షణ ఇస్తోంది. పట్టీ చేయించాక దాని మీదున్న నంబరుకి తెలియని ఫోన్ నుంచి ఒకసారి కాల్ చేసి చూడండి. ఎత్తకపోతే నంబరు మార్చండి.