అండు కొర్రలు: కన్నడంలో కొరలె, తెలుగింట మరుగుపడిన గింజ

బెంగళూరు అంగడిలో తెలుగువారు కొర్రలు అడిగితే ఒక్కొక్కసారి వేరొక గింజ సంచిలోకి వస్తుంది. చిక్కు పేరులోనే ఉన్నది. తెలుగులో కొర్రలు అనే పసుపుపచ్చని గింజను కన్నడంలో నవణె అంటారు. కన్నడంలో కొరలె అనేది మరొక ధాన్యం. దానినే అనంతపురం, హిందూపురం, మడకశిర సీమలవారు అండు కొర్రలు అంటారు. కాబట్టి కొర్రలు కావలసినవారు నవణె అనీ, అండు కొర్రలు కావలసినవారు కొరలె అనీ అడగడం మేలు. తమిళ అంగళ్ళలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది: అక్కడ వరగు అంటే మన అరికలు, మన వరిగలు వారికి పనివరగు.

చిరుధాన్యాలన్నింటిలో తక్కువమందికి తెలిసినది అండు కొర్రే. తుమకూరు, చిత్రదుర్గ, చిక్కబళ్ళాపుర జిల్లాలు, వాటికి ఆనుకొని ఉన్న అనంతపురం సీమ దీని పుట్టిల్లు వంటివి. అయితే దీని చరిత్ర చిన్నది కాదు. బళ్ళారి సమీపాన సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు ఊళ్ళ తవ్వకాలలో మాడి బొగ్గైన అండు కొర్ర గింజలు దొరికాయి. నాలుగు వేల యేండ్లకు పూర్వం, ఆ నేలకు రాగి, వరి ఇంకా రానప్పుడు, అక్కడివారు ఉలవలు, పెసలతో పాటు దీనిని తిన్నారు. 1915 ప్రాంతంలో ఈ గింజ అమెరికాకు చేరింది. అక్కడ దీనిని పశువుల మేతకూ, వేటపక్షులను ఆకర్షించడానికీ వేస్తారు.

ఇంతటి పాత పంట ఎందుకు తగ్గిపోయింది? రుచి లేక కాదు. దీని పొట్టు గింజను గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. తిరగలిలో విసరి, రోట దంచి, చెరిగి, మళ్ళీ దంచితే గాని అన్నానికి రాదు. ఆ చాకిరీ అంతా ఇంటి ఆడవారిదే. వరికి మరలు వచ్చాయి, చౌక బియ్యం వచ్చింది. అనంతపురం మెట్టచేలను వేరుశనగ ఆక్రమించింది. అండు కొర్రకు మిగిలినది చింతచెట్ల కింది నేల. ఇతర పైర్లు ఎదగని ఆ నీడలో ఇది పండుతుంది. అదే దీని ప్రత్యేకత. వానాధారంగా, సుమారు 75 నుండి 90 రోజులలో చేతికి వస్తుంది. గడ్డిని పశువులు ఇష్టంగా మేస్తాయి.

ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ (2023లో పద్మశ్రీ పురస్కారం పొందినవారు) తన ఉపన్యాసాలలో చెప్పే ఐదు సిరిధాన్యాలలో అండు కొర్ర ఒకటి. ఆ పేరు మళ్ళీ పట్టణాలలో వినిపించడానికి అదొక ముఖ్య కారణం. మర తీరు మారినా, పండేది తక్కువ గనుక ధర ఇప్పటికీ ఎక్కువే.

ఆహారంగా దీని విలువ పీచులో ఉన్నది. పీచు పైపొరలో ఉంటుంది గనుక, తెల్లగా మెరిసేటట్లు పాలిష్ పట్టిన గింజకు అధిక ధర పెట్టడం వృథా. మధుమేహం ఉన్న ఇంట తెల్లబియ్యానికి బదులు దీనిని కొంత వాడుకోవచ్చు; కాని ఇదీ పిండిపదార్థమే, కొలత తప్పదు. దీనిని తింటున్నామన్న ధైర్యంతో వైద్యుడు ఇచ్చిన మాత్రలు మానివేయడం ప్రమాదకరం.

వంటలో మొదటి మెట్టు నానబెట్టడం. రెండు మూడు సార్లు కడిగి, రాత్రి నానవేస్తే ఉదయానికి సిద్ధంగా ఉంటుంది. ఒక గ్లాసు గింజకు రెండున్నర గ్లాసుల నీరు పోసి సన్నని మంట మీద ఉడికించి, దించిన తరువాత పది నిమిషాలు మూత తీయకుండా ఉంచితే మెతుకు విడివిడిగా ఉంటుంది. నానవేయని గింజ పైకి ఉడికినట్లు కనిపించి లోపల పలుకుగా మిగులుతుంది. చాలామంది ఒకసారి వండి మానుకోవడానికి కారణం ఇదే. పెసరపప్పుతో పులగం, మినపప్పుతో రుబ్బి దోసె, పలుచగా కాచి రాత్రంతా పులియనిచ్చిన అంబలి దీనికి బాగా కుదురుతాయి. అలవాటు లేనివారు వారానికి రెండు పూటలతో మొదలుపెట్టడం మంచిది. ఒక్కసారిగా పీచు పెరిగితే కడుపు ఉబ్బరిస్తుంది. నీళ్ళు కూడా ఎక్కువ త్రాగాలి.

మిద్దె మీద వెడల్పాటి తొట్టెలో దీనిని పెంచి పిల్లలకు చూపవచ్చు. అంగడిలో దొరికే పొట్టు తీసిన గింజను నమ్ముకొని విత్తరాదు. పొట్టుతో ఉన్న విత్తనాన్నే రైతుల నుండి అడిగి తెచ్చుకోవాలి. పలుచగా చల్లి, పైన వేలి మందాన మన్ను కప్పితే చాలు. కంకి ముదరగానే కోయాలి, ఆలస్యమైతే గింజ రాలిపోతుంది. అంతకు ముందే పిచ్చుకలు వచ్చి వాలుతాయి. వాటికి కొంత వదిలి, మిగతా తొట్టెపై పాత పలుచని చీర కప్పుకోవచ్చు.