ఎవరిని అర్పిస్తున్నాం?

నిజామాబాద్‌లో ఒక విశ్వాసి ఇంట ఆ శనివారం సాయంత్రం గృహకూడిక. మేము వెళ్లేసరికి పెద్దలంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. ఇంటర్ చదివే ఆ ఇంటి అబ్బాయి మాత్రం కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. ‘‘గంట నుంచి పిలుస్తున్న అయ్యగారూ, లేస్తలేడు’’ అని తల్లి నొచ్చుకుంది. ‘‘ఒక్క నిమిషం అయ్యగారూ, ఇక్కడ ఎవరు చావాల్నో చెప్పాలె’’ అన్నాడు వాడు కళ్లు తిప్పకుండా. మందలిద్దామని వెళ్లిన మేము కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాం.

ఆ ఆట పేరు ఫాలౌట్ 3. 2008లో వచ్చింది. అణుయుద్ధంలో పాడైపోయిన వాషింగ్టన్ నగరం, తాగితే రోగం తెచ్చే నీళ్లు. ఆ నీటిని శుద్ధి చేసి అందరికీ ఇవ్వాలన్నది కథానాయకుడి తల్లిదండ్రుల కల. తల్లికి ఇష్టమైన వాక్యం ప్రకటన గ్రంథం 21:6. దప్పిగొన్నవారికి జీవజలాన్ని ఉచితంగా ఇస్తానన్న వాగ్దానమే అది! చివర్లో యంత్రాన్ని నడపడానికి నొక్కాల్సిన అంకెలు కూడా 2, 1, 6. తుపాకుల ఆటలో వాక్యం కనబడుతుందని మేమనుకోలేదు. అయితే ఆ యంత్రమున్న గది నిండా రేడియేషన్. లోపలికెళ్లినవారు ప్రాణాలతో తిరిగి రారు. ఆడేవాడు తానే వెళ్లవచ్చు, లేదా వెంట ఉన్న సైనికురాలిని పంపవచ్చు.

‘‘నువ్వేం చేశావు బాబూ?’’ అని అడిగాం.

‘‘ఆమెను పంపిన అయ్యగారూ. ఇన్ని రోజులు కష్టపడి పెంచుకున్న నా మనిషిని ఎట్ల చంపుకుంట?’’

పాపం, వాడొక్కడే కాదు. ఆ ముగింపు చాలామంది ఆటగాళ్లకు మింగుడుపడలేదు. రేడియేషన్ అంటని తోడు ఒకడు పక్కనే ఉండి కూడా లోపలికి పోనంటాడేమిటని గొణిగారు. 2009లో ఆట తయారుచేసినవారు అదనపు భాగం ఒకటి అమ్మకానికి పెట్టారు. అందులో ఆ తోడును పంపవచ్చు. తానే వెళ్లినా రెండు వారాల తర్వాత కళ్లు తెరుస్తాడు. డబ్బు చెల్లిస్తే సిలువ తప్పుతుందన్నమాట!

జనమంతా నశించడం కంటే ఒక్కడు చావడం మేలని ప్రధానయాజకుడైన కయప లెక్క చెప్పాడు (యోహాను 11:50). ఆ ఒక్కడు తానని మాత్రం అనలేదు. కొద్ది రోజులకే గెత్సేమనే తోటలో కత్తులతో వచ్చినవారికి యేసు ఎదురు వెళ్లాడు. వెదుకుతున్నది తననైతే, వీరిని పోనివ్వమని శిష్యులను వెనక్కి పెట్టాడు (యోహాను 18:8). అడిగితే పన్నెండు సేనల దూతలు దిగి వచ్చేవారు. ఆయన అడగలేదు.

ఆ అబ్బాయికి ఇదంతా చెబుతుంటే మా గొంతు మాకే అడ్డుపడింది. ఎందుకంటే అంతకు ముందు వారమే బోధన్‌లో మా సంఘ కమిటీ కూర్చుంది. మందిరానికి ప్రహరీ గోడ కట్టాలి, డబ్బు చాలదు. వాచ్‌మన్ జీతం ఆర్నెల్లు ఆపుదామని తీర్మానించాం. ‘‘దేవుని పని కోసం ఆ మాత్రం త్యాగం తప్పదు’’ అన్నది మేమే. ఆయన ఆ గదిలో లేడు. 1937లో మొదలైన షక్కర్‌నగర్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయినప్పుడు పని పోయినవారిలో ఆయనా ఒకడు. అప్పుడూ ఆయన్ని ఎవరూ అడగలేదు.

అబ్బాయి కాసేపు ఆలోచించి, ‘‘ఇంకో గేమ్ ఉన్నది అయ్యగారూ’’ అన్నాడు. 2017లో జపాన్‌లో తయారైన నియర్ ఆటోమేటా. ఆట పూర్తిగా ముగిశాక అది ఒక ప్రశ్న వేస్తుందట. ఎక్కడో చివరి ఘట్టం దాటలేక అవస్థపడుతున్న ఇంకొక ఆటగాడికి సాయపడతావా? పడితే నువ్వు దాచుకున్న ఆటంతా చెరిగిపోతుంది. అతను నీకు బొత్తిగా గిట్టనివాడు కావచ్చు, నీకు కృతజ్ఞత అందకపోవచ్చు. అయినా సరేనా? సరేనన్నవారి రోజుల తరబడి శ్రమ కళ్లెదుటే ఒక్కొక్కటిగా తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ పోయేది తెర మీది బొమ్మ ప్రాణం కాదు. ఆడేవాడి సొంత సొత్తు.

ఇది వింటుంటే మాకు డిచ్‌పల్లి గుర్తొచ్చింది. స్కాట్లాండ్‌లో చదువుకున్న వైద్యురాలు ఇసబెల్ కెర్, భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. కుష్ఠు సోకినవారిని ఊరి బయటికి నెట్టేసే రోజులవి. నిజామాబాద్‌లో చిన్నగా మొదలైన పని 1915 నాటికి డిచ్‌పల్లి ఆస్పత్రి అయింది. నర్సాగౌడ్ అనే హైందవ దాత విరాళమిచ్చారు. ఇప్పటి మాత్రలు అప్పుడు లేవు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించాలి. ఒకసారితో పోయే జబ్బు కాదు. వారం వారం, నెలల తరబడి అదే సూది, అవే పుండ్లు. 1932లో కన్నుమూసేదాకా ఆమె సేవ అదే. ఒక్క మీట నొక్కి ముగించిన ఘట్టమేదీ ఆమె కథలో కనిపించదు. వెచ్చించిన పాతికేళ్లలో ఒక్కరోజు కూడా తిరిగి రాలేదు.

కూడిక ముగిసి లేస్తుంటే అబ్బాయి గుమ్మం దాకా వచ్చాడు. ‘‘మళ్ల వెనుకకు పోయి ఈసారి నేనే లోపలికి పోత అయ్యగారూ’’ అన్నాడు. వాడి ఆటలో ఆ వీలుంది.

బోధన్ చేరేసరికి రాత్రి పది దాటింది. మందిరం గేటు తీసింది వాచ్‌మనే. ‘‘తిన్నారా అయ్యగారూ?’’ అని అడిగాడు. జీతం సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆరాధన తర్వాత కమిటీని మళ్లీ కూర్చోబెట్టాం. ఈసారి ఆయనకూ కుర్చీ వేశాం. గోడ పని వచ్చే ఏడాదికి వాయిదా పడింది.