దారిలో నిలిచిన కారు

ఒంటిపూట బడి ముగిసినది. చైత్రపు టెండ నడినెత్తి కెక్కినది. తరిగొప్పులనుండి నర్మెట్ట మీదుగా జనగామకు పోవు బాటపై ఒక చింతచెట్టు నీడన కారు ఆగియున్నది. బానెట్టు తెరచియున్నది, లోపలినుండి ఆవిరి లేచుచున్నది. దిగిన నలుగురును ఉపాధ్యాయులు. పట్టణమున కాపురముండి, పెట్రోలు ఖర్చు సమముగా పంచుకొని, దినదినము పల్లె బడులకు పోయివచ్చువారు నేడు ప్రతి జిల్లాలోను ఎందరో కలరు. నలుగురును ఇంజనువంక చూచుచున్నారు. చూచుటయే గాని, ఏమి చూడవలయునో ఒకరికిని తోచుటలేదు. కొంతసేపటికి వారిలో చురుకైనవాడు చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి రేడియేటరు మూతపై చేయి వేయబోవుచున్నాడు.

ఇట్టి దృశ్యము ఏ వేసవిలోనైనను, ఏ బాటపైనైనను చూడవచ్చును. ఆ చేయి మూతను త్రిప్పునా త్రిప్పదా యనుదానిపై ఆ మనుష్యుని ముఖమును, కన్నులును ఆధారపడియున్నవి.

తరిగొప్పుల పూర్వము వరంగల్లు జిల్లా నర్మెట్ట మండలములోని గ్రామము. 2016 అక్టోబరులో జనగామ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు తానే యొక మండల కేంద్రమైనది. ఇట్టి యూళ్లలో కారు కేవలము విలాస వస్తువు కాదు. యజమాని యొకడే కావచ్చును. కాని పెండ్లికి పెండ్లికొడుకును, పరీక్షకు విద్యార్థులను, నడిరేయి నొప్పులు వచ్చిన యిల్లాలిని జనగామ ఆసుపత్రికి చేర్చునదియు ఆ బండియే. అది కదలకపోవుట ఒక్క యింటి కష్టము కాదు. కావుననే కారునకు వచ్చు సామాన్యమైన జబ్బులను గుర్తించు నేర్పు నాలుగు మాటలలోనైనను అందరికిని తెలిసియుండుట మేలు.

ఈ నేర్పునకు మూలమైన విషయ మొక్కటే. లోపము కనబడు చోటు వేరు, లోపమున్న చోటు వేరు. ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. లెక్కలలో వెనుకబడిన బాలుడు మందమతి యని తలచి రెండేండ్లు దండించిన పిమ్మట, వానికి నల్లబల్లపై అంకెలే కనబడుటలేదని తెలిసిన సందర్భము లెన్ని లేవు? కారు విషయమున జరుగు పొరపాటును ఇట్టిదే. బండి కదలలేదు, క్రొత్త బ్యాటరీ వేయింతురు. మరల కదలదు, సెల్ఫు మోటారు మార్పింతురు. తుదకు బ్యాటరీ కొనపై చేరిన గుప్పెడు తెల్లని పొడిని గీకివేయగనే బండి కదలును. పరీక్షింపక భాగములను మార్చుటకంటె ఖరీదైన జబ్బు కారునకు వేరొండు లేదు.

మొదటి పరీక్షకు పనిముట్లు అక్కరలేదు, చెవులు చాలును. తాళపుచెవి త్రిప్పునప్పుడు ముందరి దీపములను వెలిగించి యుంచవలెను. దీపములు పూర్తిగా మసకబారి, టిక్కుటిక్కుమని వరుసగా చప్పుడు వచ్చినచో విద్యుచ్ఛక్తి చాలుటలేదని యర్థము. అది బ్యాటరీ నీరసమైనను కావచ్చును, దాని తీగెల పట్టు వదులైనను కావచ్చును. దీపములు కాంతి తగ్గకుండ వెలుగుచు, ఇంజను మాత్రము ఉలుకక పలుకక యున్నచో బ్యాటరీని నిందింపరాదు. సెల్ఫు మోటారునో, దానికి పోవు సన్నని తీగెనో, తాళపు స్విచ్చినో చూడవలెను. ఇంజను చురుకుగా తిరుగుచునే అంటుకొనకున్నచో ఈ రెండును నిర్దోషులు. తప్పు పెట్రోలుదో నిప్పురవ్వదో యగును. ఒక్క నిమిషములో మూడు దారులలో రెండు మూసికొనిపోయినవి.

తెల్లపొడి యంత పెద్ద బండిని ఎట్లు ఆపగలదని విద్యార్థులు అడుగవచ్చును. దీనికి సమాధానము వారి భౌతికశాస్త్ర పుస్తకములోనే యున్నది. చిన్న కారు సెల్ఫు మోటారు తిరుగునప్పుడు నూరునుండి రెండువందల ఆంపియర్ల వరకు విద్యుత్తును లాగుకొనును. 150 ఆంపియర్లనుకొందము. పొడిచేరిన చోట నిరోధము 0.02 ఓము మాత్రమే యనుకొందము. ఓము సూత్రము ప్రకారము రెంటిని గుణించినచో 3 వోల్టులు. అనగా 12 వోల్టులలో నాలుగవ వంతు మోటారును చేరకయే మార్గమధ్యమున వేడిగా మారి నశించినది. చిన్న దీపమునకు అరలేక ఒక ఆంపియరు చాలును గనుక అదే పొడి దానిని బాధింపదు. అందుచేతనే లోపలి దీపము వెలుగుచున్నది కనుక బ్యాటరీ బాగున్నదని వాదించుట తప్పు. బాగున్న బ్యాటరీ బండి ఆపియుంచినప్పుడు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునప్పుడు 14కు అటునిటుగా చూపవలెను. నడుచునప్పుడును 12 దగ్గరనే నిలిచినచో దోషము బ్యాటరీది కాదు, దానిని నింపు ఆల్టర్నేటరుదో, దాని బెల్టుదో. కొత్త బ్యాటరీ వేసినను నాలుగు దినములలో అదియు చచ్చును.

ప్రక్కబండి సాయముతో నడిపించువారు ఒక్క జాగ్రత్త మరువరాదు. ధనధ్రువమును ధనధ్రువమునకు కలిపి, కడపటి ఋణపు తీగెను చచ్చిన బ్యాటరీకి దూరముగా ఇంజను లోహమునకే తగిలింపవలెను. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. దాని చెంతనే నిప్పురవ్వ పుట్టరాదు.

ఇంక తిరిగియు అంటుకొనని ఇంజను సంగతి. ఈ తావున పాత తరమువారికి అంబాసిడరు జ్ఞాపకము వచ్చుట సహజము. 1958 మొదలు 2014 వరకు ఉత్తరపారా కర్మాగారమునుండి వెలువడిన ఆ బండి, పెట్రోలు పంపు ఇంజను ప్రక్కనే యుండుటచే, మండుటెండలో తరచు మొరాయించెడిది. గొట్టములోనే పెట్రోలు ఆవిరియై, పంపు లాగుటకు ద్రవము లేకపోయెడిది. డ్రైవరు తడిగుడ్డ నొకదానిని పంపుపై కప్పి, బీడీ ముట్టించి కూర్చుండెడివాడు. అరగంటకు బండి తానే కదలెడిది. చూచువారు దానిని గుడ్డ మహిమ యనుకొనెడివారు. నిజమునకు అది ఆవిరి మరల ద్రవమగుట తప్ప మరేమియు కాదు. (బీడీ మాత్రము పెట్రోలు పంపు చెంత తగని పని యని చెప్పక తప్పదు.) నేటి కార్లలో పంపు పెట్రోలు టాంకులోనే మునిగియుండును. తాళపుచెవిని సగము త్రిప్పి నిశ్శబ్దముగా వినినచో వెనుకటి సీటు క్రిందనుండి రెండు మూడు క్షణములు సన్నని రొద వినబడును. వినబడనిచో పంపు చచ్చెనని నిశ్చయింపక ముందు దాని ఫ్యూజును చూడవలెను. ఫ్యూజుపెట్టె మూతమీద ఏది దేనిదో గుర్తు వ్రాసియుండును. కొన్ని రూపాయల ఫ్యూజునకై వేలరూపాయల పంపును మార్చినవారు లేకపోలేదు.

ఇప్పుడు చింతచెట్టు క్రిందికి మరలుదము.

నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద మరగునని నాలుగవ తరగతి బాలుడును చెప్పును. కాని అది సామాన్య వాయుపీడనములో మాత్రమే. రేడియేటరు మూత కేవలము మూత కాదు. లోపలి పీడనమును బయటి పీడనముకంటె సుమారు ఒక వాతావరణము ఎక్కువగా నిలుపు స్ప్రింగు కవాటము. ఆ పీడనమువద్ద నీరు 120 డిగ్రీల వరకును మరగదు. ఇంటిలోని ప్రెషరు కుక్కరు చేయు పనియు ఇదియే. ఆవిరి పోకముందు కుక్కరు మూత తీయరాదని ఎరిగిన గృహస్థు, అదే కుక్కరు కారులో నున్నప్పుడు గుర్తింపలేకపోవుట విచిత్రము! మూత త్రిప్పిన యుత్తరక్షణమున పీడనము పడిపోవును. 115 డిగ్రీలలో నున్న నీటిలో కొంతభాగము తత్‌క్షణమే ఆవిరియగును. నీరు ఆవిరిగా మారునప్పుడు 1,600 రెట్లకు పైగా వ్యాకోచించును. ఆ పొంగు మిగిలిన నీటిని కూడ ముఖముమీదికి చిమ్మును. రుమాలు ఎన్ని మడతలదైనను ప్రయోజనము లేదు. కాలినచో ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచి ఆసుపత్రికి పోవలెనే గాని, సిరాయో టూత్‌పేస్టో పూయరాదు.

కావున సూచిక ఎఱ్ఱగీటు చేరగనే ఏసీని ఆర్పి, బండిని ప్రక్కకు తీసి, ఇంజనును నిలుపవలెను. ప్రక్కకు తీయువరకు లోపలి హీటరును పూర్తిగా వేసినచో అది రెండవ రేడియేటరువలె పనిచేసి కొంతవేడిని లాగుకొనును. చైత్రమాసమున కారులోనివారి పాట్లు వర్ణింప నలవికావు గాని ఇంజను బ్రతుకును. మూత జోలికి కనీసము అరగంటవరకు పోరాదు. మరియొక చిత్రము కలదు. ఒక్కొక్కప్పుడు సూచిక తానుగా క్రిందికి దిగును. వేడి తగ్గెనని సంతోషించి నడుపుదురు. నీరంతయు కారిపోయినందున కొలత తీయు సాధనము నీటిలో మునుగక గాలిలో వ్రేలాడుచున్నదని వారెరుగరు. అల్యూమినియము హెడ్డు వంగినపిమ్మట మరమ్మతు ఖర్చు ఆ నలుగురి నెల పెట్రోలు ఖర్చునకు ఎన్నో రెట్లగును.

వేడెక్కుటకు కారణమును కనుగొనుటలో ఎప్పుడు వేడెక్కుచున్నదనునదియే మొదటి ప్రశ్న. సంతలో, రద్దీలో మెల్లగా పోవునప్పుడు మాత్రము వేడెక్కి, వేగము పుంజుకొనగనే చల్లబడినచో దోషము ఫ్యానుది. ఏసీ వేసి చూచినచో ఫ్యాను తిరుగవలెను. తిరుగనిచో మరల ఫ్యూజు, రిలే, పిమ్మటనే మోటారు. దీనికి విరుద్ధముగా, నిలిచియున్నప్పుడు బాగుండి, హైదరాబాదు రహదారిపై వేగముగా పోవునప్పుడు వేడెక్కినచో రేడియేటరు మూసికొనిపోయినదని అనుమానింపవలెను. మూసికొనుట రెండు విధములు. బయటి రెక్కలలో దుమ్మును, బాటలపై ఆరబోసిన ధాన్యపు పొట్టును, పురుగులును చేరును. ఇంజను చల్లారిన పిదప వెనుకనుండి ముందునకు మెల్లని నీటిధారతో కడిగిన చాలును. లోపలి మూత అంత సులభము కాదు. మెట్టభూములలోని బోరునీరు కఠిన జలము. వంటింటిలో నీరు కాచు గిన్నె అడుగున ఏడాదిలో ఏర్పడు తెల్లని పెచ్చు ఎట్టిదో, అట్టిదే రేడియేటరు గొట్టములలోను ఏర్పడును. ఆపదలో ఏ నీరైనను పోయవచ్చును; కాని ఇల్లు చేరినపిదప దానిని తీసివేసి, శుద్ధజలముతో కలిపిన కూలెంటు పోయవలెను.

పూర్వము రేడియేటర్లు ఇత్తడివి, రాగివి. ఓటుపడినచో మాటువేసి అతుకువారు. జనగామ దాపునే పెంబర్తి యున్నది. ఇత్తడి రేకును కాచి, కొట్టి దేవాలయ కవచములను తీర్చు ఆ గ్రామపు పనితనమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇత్తడి స్వభావము ఎరిగిన ప్రాంతములో పాత రేడియేటరునకు గతిలేకపోవుట యనునది లేదు. నేటివి అల్యూమినియము గొట్టములకు ప్లాస్టిక్కు తొట్లు బిగించినవి. తొట్టి పగిలినచో మార్చుటయే గతి. ఇది ప్రగతియో కాదో చెప్పుట కష్టము. తేలికయైనది మాత్రము నిజము.

బయట ఎచ్చటను కారకయే నీరు తరుగుచున్నదా? వెనుక గొట్టమునుండి తెల్లనిపొగ ఆగకుండ వచ్చుచున్నదా? ఆయిలు మూత లోపల పాలు కలిసిన కాఫీవంటి నురుగున్నదా? అట్లయినచో హెడ్డు గ్యాస్కెట్టు చెడి నీరు ఇంజనులోనికి పోవుచున్నదని దృఢముగా అనుమానింపవలెను. ఇంక నడుపరాదు, లాగించుకొని పోవుటయే కర్తవ్యము.

పూర్వపు మిస్త్రీ పొడుగైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై నుంచి, పిడిని చెవి కానించి, వైద్యునివలె వినెడివాడు. నేటి యువకుడు స్టీరింగు క్రింద పదునారు సూదుల గూటిలో యంత్రమును గ్రుచ్చి సంకేతమును చదువుచున్నాడు. 2020 ఏప్రిల్ 1నుండి అమలైన భారత్ స్టేజి ఆరు ప్రమాణములకు లోబడిన ప్రతి కారులోను ఈ వసతి కలదు. దీనిని ఎగతాళి చేయు వృద్ధులును, దీనినే వేదముగా నమ్ము యువకులును సమానముగా పొరబడుచున్నారు. పి 0171 అను సంకేతము గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదని మాత్రమే చెప్పును. ఆక్సిజను సెన్సారు చెడినదని చెప్పదు. అది చూచినది కనుక చెప్పినది! సాక్షినే దొంగయని పట్టుకొని, క్రొత్త సెన్సారు కొనిపించుట అంగళ్లలో తరచు జరుగు పని. పగిలిన ఒక రబ్బరు గొట్టములోనుండి గాలి దొంగతనముగా దూరుట ఇందుకు తరచు కారణము.

బ్రేకుల విషయమున మాత్రము ఇట్టి పరీక్షలకు తావులేదు. పెడలు మెత్తగా దిగిపోవుచున్నచో నూనె కారుచున్నదో, గొట్టములో గాలి చేరినదో. ద్రవము అణగదు, గాలి అణగును. కాలి బలమంతయు గాలిని అణచుటకే సరిపోవును. బండిని కదలింపకయే మిస్త్రీని పిలువవలెను.

చింతచెట్టు నీడ తూర్పునకు సాగినది. రుమాలు జేబులోనికి చేరినది. గుడ్డతో తాకిచూడగా పై గొట్టము మెత్తబడియున్నది. మూత మెల్లగా సడలింపగా చిన్న బుస్సుమను ధ్వని తప్ప మరేమియు లేదు. పై గొట్టపు పట్టీ మర వదులై, దాని చుట్టును తడి మరక యున్నది. పానా అక్కరలేకపోయినది, స్క్రూడ్రైవరుతో రెండు చుట్లు. నలుగురి నీళ్లసీసాలును మెల్లమెల్లగా రేడియేటరులోనికి పోయినవి. జనగామ చేరువరకు సూచిక మధ్యగీటు దాటలేదు. మరునాటి ఉదయము, ఇంజను చల్లగా నున్నప్పుడు, బయలుదేరుటకు ముందే బానెట్టు తెరచి నీటిమట్టము చూచిరి. వ్రేలి వెడల్పు తగ్గియున్నది.