చిఱుఫిరంగి: వేడుకయా, విద్యయా?

మందుగుండు చప్పుడునందు మానవునకు గల మక్కువ మిక్కిలి పాతది. పెండ్లి యూరేగింపునందును, దేవుని కల్యాణమునందును, దీపావళి రాత్రియందును ఆ చప్పుడు లేనిదే మనకు వేడుక వేడుకగా తోపదు. పాశ్చాత్యదేశములలో కొందఱు ఈ మక్కువను ఇంకొక మెట్టు ముందునకు గొనిపోయిరి. పూర్వము ఓడల యంచులపై నుండెడి చిన్న తిరుగుడు ఫిరంగులను బోలిన వానిని తమ యింటి కార్ఖానాలలో తామే చేసికొని, సెలవు దినములందు మైదానములకు గొనిపోయి పేల్చి యానందించుచున్నారు. ఆ ముచ్చట చూచిన మన యువకులకును అట్టి కోరిక పుట్టుట సహజము. సికిందరాబాదు దండు విడిది యుత్తరపు టంచుననున్న యాప్రాలు వంటి చోట మఱింత సహజము. ఒకవంక సైనిక భూములు, కొలువు చాలించిన సైనికుల యిండ్లు. మఱొకవంక కొద్ది మైళ్ల దూరమున కుషాయిగూడ ఇనుప పని కార్ఖానాలు. ఫిరంగుల కథలు చెప్పువారును, గొట్టము తొలువగల లేతు యంత్రములును దాపుననే యున్నవి. కనుక ఈ వేడుక మనకు తగునా, తగినచో ఏ రీతిని తగును అను ప్రశ్నను విచారింపవలసి యున్నది.

మొదట ఆ వస్తువెట్టిదో తెలిసికొందము. నోటి వెడల్పు ఒకటి రెండంగుళములకు మించని పొట్టి గొట్టమది. గుండు బరువు సాధారణముగా అరపౌను మొదలు ఒక పౌను వఱకు నుండును. గొట్టమునకు ఇరుప్రక్కల పొడుచుకొని వచ్చిన రెండు కడ్డీలు ఒక యినుప పంగలో కూర్చుండును. ఆ పంగ కాలు ఓడ యంచునందలి రంధ్రములో తిరుగును. అందుచే గొట్టము క్రిందికి మీదికి వంగుటయేగాక చుట్టును తిరుగును. పెద్ద ఫిరంగికి బండియు, ఎడ్లును, పలువురు మనుష్యులును వలయును. దీనికి తోకవంటి పిడిని పట్టి గుఱి చూచు నొక్కడు చాలును.

ఇది మన దేశమునకు క్రొత్త కాదు. పారసీకులు దీనిని జంబూరక్ అనిరి. జంబూర్ అనగా కందిరీగ. ఒంటె వీపున బిగించి, నిలిచిన చోటు విడిచి వేఱొక చోటికి క్షణములో మార్చుచు శత్రువును కుట్టుటచేత దానికా పేరు తగియున్నది. 1761లో పానిపట్టున మహారాష్ట్ర సైన్యమును అబ్దాలీ యొంటెల మీది జంబూరకులు ఎంతగా నొప్పించెనో చరిత్ర చదివినవారెఱుగుదురు. అక్బరు నాటి పాలన వివరించు ఆయిన్-ఇ-అక్బరీలో ఏనుగు మోయు గజనాళములును, ఒక్క మనుష్యుడు మోయు నరనాళములును పేర్కొనబడినవి. మనము నిత్యము పలుకు ఫిరంగి యను మాటయే ఫ్రాంకులను, అనగా ఐరోపీయులను, దెలుపు పదమునుండి పుట్టినది. ఆయుధము పేరులోనే దాని రాకపోకల చరిత్ర దాగియున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. శుక్రనీతిలో లఘునాళిక, బృహన్నాళికలును, సురేకారము, గంధకము, బొగ్గు కూర్చు విధమును వర్ణింపబడి యుండుట చూపి, రామాయణ కాలముననే మనకు ఫిరంగులుండెనని వాదించువారు కలరు. ఆ భాగములు చాల తరువాతి కాలమున చేరినవని పండితులలో పెక్కుమంది నిర్ణయము. లేని గొప్పను చెప్పుకొన నేల? ఉన్న గొప్పయే మనకు చాలును. తెలంగాణమున కోనసముద్రము, ఇందల్వాయి గ్రామముల కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కు పారసీక దేశమునకు పోయి మేలైన కత్తులయ్యెను. గోలకొండ బురుజులపై నేటికిని పెద్ద ఫిరంగులు నిలిచియున్నవి. నిజాం ఆలీఖాను కొలువులో నుండిన ఫ్రెంచి సేనాని రేమాను 1795లో హైదరాబాదున ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పెను. తోప్-కా-సాంచా యనబడిన ఆ స్థలమే నేటి గన్‌ఫౌండ్రీ. అక్కడి బ్యాంకునకు పోవువారిలో నెందఱకు ఆ పేరునకు కారణము తెలియును?

ఆ కథ త్వరలోనే మలుపు తిరిగెను. 1798 మార్చిలో రేమాను మరణించెను. సెప్టెంబరులో నిజాము కంపెనీతో సంధి చేసికొనెను. అక్టోబరులో సుమారు 14,000 మంది గల ఫ్రెంచి దళము పోరు లేకయే ఆయుధములు దించెను. దాని స్థానమున వచ్చిన కంపెనీ సైన్యము హుస్సేనుసాగరునకు ఉత్తరమున దిగెను. 1806లో సికందర్ జా పేర సికిందరాబాదైన విడిది యదియే. అనగా యాప్రాలునకు ప్రక్కనున్న దండు పుట్టుక, ఒక రాజ్యము తన ఫిరంగి విద్యను పరుల కప్పగించిన నాటితో ముడిపడియున్నది. 1857 జూలై 17న తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లాఉద్దీనులు రెసిడెన్సీపై కవిసినపుడు వారిని చెదరగొట్టినది కంపెనీ ఫిరంగులే. పోతపోయు చేయి యెవరిదో, పేల్చు చేయి యెవరిదో అను భేదమునకు ఇంతకన్న వేఱు నిదర్శనము వలయునా?

బ్రిటిషిండియాలో 1878లో లిట్టన్ ప్రభువు ఆయుధచట్టమును దెచ్చెను. దేశభాషా పత్రికల నోరు కట్టిన శాసనమును అదే సంవత్సరమున, అదే చేతితో వచ్చినది. పత్రికా శాసనము రిప్పన్ కాలమున తొలగెను. ఆయుధ శాసనము మాత్రము నిలిచెను. 1887 మద్రాసు కాంగ్రెసు దానిని గూర్చి వాదించెను. 1931 కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధములు ధరించు హక్కు పౌరులకుండవలెనని ప్రాథమిక హక్కుల తీర్మానమున చేర్చెను. 1950 నాటి రాజ్యాంగము ఆ హక్కును గ్రహింపలేదు. 1959 నాటి మన స్వంత ఆయుధచట్టము, అనుమతి లేక ఆయుధము చేయుటను నేరముగానే యుంచినది. ఫిరంగుల తరగతిని నిషిద్ధాయుధములలో చేర్చినది. 2019 సవరణతో అక్రమ తయారీకి శిక్ష ఏడేండ్లకు తగ్గదు, యావజ్జీవము వఱకు పోవచ్చును. వేడుకకై చేసితినను మాట న్యాయస్థానమున నిలువదు. యాప్రాలు యువకుడు లేతు కార్ఖానాకు పోవుటకు ముందు ఈ సంగతి తెలిసికొనవలెను.

పరాయి ప్రభుత్వము భయముచే పెట్టిన నిర్బంధమును స్వరాజ్యము నిలుపుట తగునా యని కొందఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని లిట్టన్ చట్టము పాలకుని భద్రతకు. నేటి నియమము పొరుగువాని భద్రతకు. నల్లమందు గాలి నాశింపక మండును. సురేకారము తన ప్రాణవాయువును తానే యిచ్చును. కనుకనే మూతబడిన గొట్టములో క్షణమున వాయురాశి పుట్టి గుండును త్రోయును. గుండునకు దారి యడ్డమైనను, లోహములో కనబడని బుడగ యున్నను, గొట్టమునకు అతుకున్నను అదే బలము గొట్టమును చీల్చును. అపుడు ఇనుప తునుకలు ముందునకు గాక, పేల్చువాని మీదికి వచ్చును. మునుపటి ప్రేలుడునుండి లోపల మిగిలిన నిప్పురవ్వ క్రొత్త మందును పోయుచుండగనే యంటించును. మందు నిలువయే గొప్ప ప్రమాదము. 2016 ఏప్రిల్ 10న కేరళమున కొల్లము జిల్లా పుట్టింగల్ దేవాలయ ఉత్సవమున నిలువయుంచిన బాణసంచా ప్రేలి నూఱుమందికి పైగా మరణించిరి. అది ఫిరంగి కాదు, భక్తులు పండుగకై తెచ్చుకొన్నది.

పాశ్చాత్యులు స్వేచ్ఛను ఊరక యనుభవించుటలేదు. ఇంగ్లండులో లండను తుపాకి పనివారి సంఘము 1637 నుండియు, బర్మింగుహాము పరీక్షాశాల 1813 నుండియు గొట్టములను పరీక్షించుచున్నవి. వాడుకకన్న హెచ్చు మందు వేసి పేల్చి, నిలిచిన దానికే ముద్ర వేయుదురు. ముద్ర లేనిది విక్రయింపరాదని 1868 శాసనము. అమెరికాలో 1968 శాసనము పాతరీతి నల్లమందు గొట్టములను విడిచినను, వినోదమునకై సామాన్యుడు లైసెన్సు లేక కొనదగు మందునకు 50 పౌనుల హద్దున్నది. అక్కడ అలవాటు, పరీక్ష, పర్యవేక్షణ తరతరములుగా పెరిగినవి. మనము వారి చప్పుడును దెచ్చుకొని, వారి ముద్రను విడిచిపెట్టుట తెలివి కాదు.

అట్లని ఈ విద్యను మఱచుట మేలు కాదు. కోనసముద్రము కమ్మరి యొక్క మూస మరల వెలుగలేదు. ఆ యుక్కు రహస్యమును నేడు శాస్త్రజ్ఞులు తునుకల నుండి వెదకుచున్నారు. ఫిరంగి పోత విద్యకును అట్టి గతి పట్టనేల? తిరుమలగిరిలో సైన్యమువారి యెలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల యున్నది, హైదరాబాదున పురావస్తు ప్రదర్శనశాలలున్నవి, పనివారున్నారు. ప్రభుత్వము అనుమతించి, ఈ మూడింటిని జతపఱచి, జంబూరకుల ప్రతిమలను చేయించి, నిపుణుల చేత పరీక్షింపజేసి, కంచె గల మైదానమున సంవత్సరమునకొకసారి ప్రజలయెదుట పేల్చించినచో, కోరిక గలవానికి కనువిందును, పనివానికి పనియును, విద్యార్థికి చరిత్రయు దక్కును. ఇంటివద్ద చేయగోరువాడు గొట్టము తొలువక గట్టి యిత్తడితో నమూనా చేయవచ్చును. పంగ కూర్పులో, కడ్డీల సమతూకములో, పోత నునుపులో చూపదగిన నైపుణ్యమంతయు అందులో చూపవచ్చును. అందు లేనిది చప్పుడొక్కటే.

ఆయుధము చేయనేర్చిన జాతి దానిని దాచనేర్చిన జాతియు కావలెను. చేయలేక మానుట దాస్యము, చేయగలిగియు మానుట వివేకము. మన యువకులకు మొదటిది వలదు, రెండవది వలయును.