బోల్టు బిగువు: అపోహలు, వాస్తవాలు

ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిని మాతృకగా గొని, 1950ల చివర వంగదేశమందలి ఉత్తరపారా కర్మాగారమున జన్మించి, 2014వ సంవత్సరము వరకు వెలువడిన అంబాసిడర్ కారును నేటికిని కన్నబిడ్డవలె సాకుచున్నవారు మన పట్టణములలో గలరు. అట్టివారు ముందు చక్రముల సస్పెన్షన్‌ను విప్పి, అరిగిన బుష్‌లను మార్చి, మరల బిగింపబూనినపుడు "ఈ నట్టునకు టార్కు ఎంత?" యను ప్రశ్న పుట్టును. ప్రశ్న చిన్నదే, కాని కారులో కూర్చున్నవారి ప్రాణములు దానిపై ఆధారపడియున్నవి గనుక, దాని చుట్టు అల్లుకొన్న అపోహలను ఓపికతో విడదీయవలసియున్నది.

చేయి తిరిగిన మేస్త్రికి టార్కు రెంచితో పనిలేదని పలువురు నమ్ముదురు. మేస్త్రి హస్తనైపుణ్యమునందు నాకు నిండు గౌరవము గలదు. మర అడ్డముగా పట్టుచున్నదని పరికరముకంటె ముందుగా గుర్తించునది ఆ చేయియే. అయినను బోల్టు బిగియుట యన, దాని యుక్కు కాడ స్ప్రింగువలె కొంచెము సాగి రెండు భాగములను అదిమిపట్టుట. మనము పానాపై చూపు శక్తిలో ఇంచుమించు సగము తల క్రింది రాపిడికిని, నూటికి నలుబది పాళ్లు మరల రాపిడికిని వ్యయము కాగా, బోల్టును సాగదీయుటకు మిగులునది పదింట నొక పాలు మాత్రమే. చేతికి తెలియునది ఆ రాపిడియే గాని ఈ సాగుదల కాదు. త్రుప్పుపట్టిన మర బిగియకయే బిగిసినట్లు తోచును; నూనె తగిలిన మర అదే టార్కునకు హద్దుమీరి సాగును. కావున పొడి మరకు చెప్పిన సంఖ్యను నూనె పూసిన మరకు వాడరాదు.

ఇక ఆక్స్‌ఫర్డ్ వర్క్‌షాప్ మాన్యువల్ ఒకటి యున్న చాలుననుట సగము సత్యము. టార్షన్ బార్ల ముందు సస్పెన్షన్ ఆ వంశమునుండి వచ్చినదే. కాని దశాబ్దముల కాలమున షాక్ అబ్జార్బర్లు, బ్రేకులు మారినవి, 1990లలో ఇసుజు ఇంజనే వచ్చి చేరినది. ఛాసిస్ నెంబరును బట్టి బండి ఏ మార్కుదో, ఏ యేటిదో నిర్ణయించుకొని, ఆ కాలపు మాన్యువల్‌ను విడిభాగముల కేటలాగుతో కలిపి చదువవలెను.

పుస్తకము దొరికిన పిమ్మట కొలమానముల చిక్కు వచ్చును. ఆంగ్లేయుల పుస్తకములందు పౌండు-అడుగులు, చిన్న బోల్టులకు పౌండు-అంగుళములు. ఫియట్ వంటి కార్ల ప్రాత పుస్తకములందు కిలోగ్రాము-మీటర్లు. నేటి రెంచులపై న్యూటన్-మీటర్లు. 60 పౌండు-అడుగులన్నచో 81 న్యూటన్-మీటర్లు, లేదా 8.3 కిలోగ్రాము-మీటర్లు. ఆ 60ని న్యూటన్-మీటర్లుగా చదివినవాడు నట్టును నాలుగింట నొక వంతు వదులుగా విడుచును. పౌండు-అంగుళములను అడుగులుగా చదివినవాడు పండ్రెండు రెట్లు బిగింపబోయి బోల్టును త్రెంచును.

పుస్తకమున లేని బోల్టునకు, దాని లావును బట్టి సాధారణ పట్టికలోని సంఖ్యను గైకొనవచ్చునని మరికొందరందురు. తలపై మూడు గీతలున్న ఐదవ గ్రేడు బోల్టును, ఆరు గీతలున్న ఎనిమిదవ గ్రేడు బోల్టును ఒకే లావున నున్నను బలమున వేరు. 1948లో అమెరికా, కెనడా, బ్రిటన్‌లు అంగీకరించిన యూనిఫైడ్ మర కోణము 60 డిగ్రీలు. ప్రాత విట్‌వర్త్ మరకు 55. కావున లావొక్కటి చూచి సంఖ్యను గైకొనరాదు. అంతకంటె ప్రమాదకరము, మర యున్న ప్రతిదియు బిగించుటకే యను తలంపు. మదరాసున తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారులో ముందు చక్రపు నిలువు కడ్డీ క్రింది కొన, ట్రనియన్ అను దిమ్మె మరలలో తిరుగాడును. అది బోల్టు కాదు, బేరింగు. దానిని కొసవరకు త్రిప్పి, ఒక చుట్టునకు మించకుండ వెనుకకు విడిచి, గ్రీజునకు బదులు గేర్ ఆయిల్ పట్టింపవలెను. దానికి టార్కు సంఖ్యను వెదకుటయే పొరపాటు.

సంఖ్య సరియైనదైన చాలునను అపోహ నన్నధికముగా బాధించును. కారును జాకీలపై నిలిపి, చక్రములు వ్రేలాడుచుండగా, రబ్బరు బుష్‌ల బోల్టులను పుస్తకము చెప్పిన టార్కునకే బిగించి క్రిందికి దింపువారు ఎందరో. బోల్టు బిగువునకు బుష్ లోపలి యుక్కు గొట్టము కదలక నిలిచిపోవును. ఆర్మ్ పైకి క్రిందికి ఊగునపుడు మెలిపడునది రబ్బరే. వ్రేలాడు స్థితిలో బిగించినచో, కారు నేలపై నిలిచిన క్షణమునుండియే ఆ రబ్బరు మెలితిరిగి యుండును. బండి రాత్రియెల్ల షెడ్డులో నున్నను దానికి విశ్రాంతి లేదు. కారు ఉండవలసిన ఎత్తును మించి నిలుచును, బుష్ అకాలమున చినుగును. కావున బోల్టులను వదులుగా తొడిగి, కారును గోతిపై గాని ర్యాంపుపై గాని చక్రములపైననే నిలిపి, ఒకటిరెండు మార్లు అదిమి ఊపి, సస్పెన్షన్ సర్దుకొన్న పిమ్మటనే కడపటి బిగువు నీయవలెను.

గాళ్ల నట్టును టార్కునకు బిగించిన తరువాత స్ప్లిట్ పిన్ను రంధ్రము కుదరనిచో, తరువాతి గాడి వచ్చువరకు ముందుకే త్రిప్పవలెను, వెనుకకు కాదు. చక్రపు బేరింగు నట్టు వేరు. అది బేరింగు ఆటను సరిచేయుటకే యున్నది.

ఒకమారు సరిగా బిగించినది శాశ్వతముగా బిగిసియుండుననియు తలపరాదు. వెనుక ఇరుసునకు కమాను పట్టీలను కట్టు యు-బోల్టులను క్రొత్తగా వేసినపుడు, పట్టీలును వాని నడుమ మెత్తలును బరువునకు అణగి సర్దుకొనుటచేత, కొన్నివందల కిలోమీటర్లకే బిగువు తగ్గును. అపుడు కారును మరల గోతిపైకి తెచ్చి, అదే రెంచితో, అదే సంఖ్యకు, నట్లన్నిటిని వరుసగా మరియొకమారు చూడవలెను.