అరచేతిలోని చలనచిత్రములు

2016వ సంవత్సరము సెప్టెంబరులో జియో సేవ ఆరంభమైనప్పటినుండి డేటా వెల మిక్కిలి తగ్గి, వీడియోలు మన వంటయిండ్లకును వచ్చినవి. పురాణప్రవచనము, సంగీతము, బిడ్డల పాఠములు గడప దాటకయే లభించుచున్నవి. ఈ మేలును మేము కాదనము. అయినను ఇది యెట్లు నడచునో యెఱిగిన గృహిణికి నష్టము తక్కువ.

వీడియో యంతయు నొక్కమాఱుగా రాదు. కొన్ని సెకండ్ల తునుకలుగా వచ్చును. సిగ్నలు తగ్గినచో ఫోను తక్కువ స్పష్టతగల తునుకలను దెప్పించుకొనును. అందుచేతనే బొమ్మ మసకబాఱును. స్పష్టత హెచ్చినకొలది డేటా వ్యయమును హెచ్చును. చిన్నతెరకు 480 చాలును, 1080 యేల? ఉదయమున నిట్లు పొదుపు చేసినచో సాయంకాలము బిడ్డ పాఠమునకు డేటా మిగులును. ఒకటి ముగియగానే మఱియొకటి తనంత వచ్చు ఏర్పాటును సెట్టింగులలో నాపివేయుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. ఫోను చూపి అన్నము దినిపించుట మన యిండ్లలో నలవాటగుచున్నది. ఏడాది నిండని శిశువులకు తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో తెలిపినది. చందమామను జూపునపుడు బిడ్డ మన మాటలు వినుచు ముద్ద మ్రింగును. ఫోను జూపునపుడు మన మాట వినదు, ముద్ద రుచియు నెఱుగదు. కావున భోజనవేళ ఫోనును దూరముగా నుంచుడని మా మనవి.