మా యింటి కంప్యూటరు కుట్టుయంత్రము

క్రొత్త కుట్టుయంత్రము కొన్న వార్త వీథిలో దాగదు. మా యింటికి కంప్యూటరు కుట్టుయంత్రము వచ్చినది మొదలు సోదరీమణులు పలువురు వచ్చి చూచుచున్నారు. అది తనంతట తానే రవికలు కుట్టునా? కొలతలు చెప్పిన చాలునా? దర్జీకూలి యెంత మిగులును? అని అడుగుచున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె, ఆఱు మాసములుగా దానితో కాపురము చేసి మేము తెలిసికొన్నది పత్రికాముఖమున చెప్పుట మేలని తోచినది.

ముందుగా చెప్పవలసిన మాట: ఈ యంత్రము కత్తిరింపు నెఱుగదు. చంకభాగమున ఎంత తీయవలెనో, మెడ యెంత లోతునకు దింపవలెనో, క్రాసుగా కత్తిరించిన గుడ్డ యెట్లు సాగునో దానికి తెలియదు. కత్తెర చేతబట్టిన యిల్లాలికి తెలియవలెను. కత్తిరింపు రానివారు దీనిని కొన్నచో దర్జీకూలిలో దమ్మిడీ మిగులదు. దీని తెలివి యంతయు సూది పోకడలో కలదు. పాత జిగ్‌జాగ్ యంత్రములలో సూది ప్రక్కలకు జరుగుటను లోపలి మిట్టపల్లపు బిళ్ళలు నడుపును. ఇందు సూదికొక చిన్న మోటారు, గుడ్డను జరుపు పళ్ళకు మఱియొక చిన్న మోటారు కలవు. ఏ పోటునకు ఎంత జరుగవలెనో లోపలి కంప్యూటరు లెక్కగట్టి యాజ్ఞాపించును. తెరపై కుట్టుసంఖ్యను ఎన్నుకొని, పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో నిర్ణయించుట మాత్రము మన వంతు. సూదిమొనయందే బెజ్జము పెట్టి, పైదారము క్రిందిదారముతో ముడివడునట్లు చేసిన అమెరికా దేశీయుడు ఎలియాస్ హౌ 1846లో దానికి హక్కుపత్రము పొందెను. 1975లో సింగరు సంస్థవారు అథీనా 2000 అను యంత్రమున ఎలక్ట్రానిక్ పరికరములను చేర్చిరి. కుట్టు మాత్రము నేటికిని హౌ నాటిదే.

దీని స్వభావము కొంచెము పెడసరము. గుడ్డ నదిమిపట్టు పాదమును దింపక నడుపబోయినచో కూతపెట్టి నిలిచిపోవును. బాబినునకు దారము చుట్టు పుల్లను స్వస్థానమునకు త్రోయకున్నను అంతే. మా అత్తగారు దీనికి కైకేయి యని పేరుపెట్టినారు. కాని ఆమెకే ఇది యెక్కువ ఉపకారము చేసినది. మోకాళ్ళనొప్పులచే నాలుగేండ్లుగా వారు తొక్కుడుమిషను జోలికి పోలేదు. ఇప్పుడు కాలిమీట త్రాడు ఊడదీసి, చేతిమీట నొత్తి, వేగమును తాబేటినడకకు తగ్గించి దిండుగలీబులు కుట్టుచున్నారు. మూల తిరుగవలసినచోట సూది గుడ్డలో దిగియే నిలుచును గనుక కుట్టు తప్పదు.

కొన్ని జాగ్రత్తలు వలయును. పాత నల్లమిషనులో సూది చదునువైపు ప్రక్కకుండును, ఇందు వెనుకకుండవలెను. పట్టునకు, పలుచని గుడ్డలకు 9 లేక 11 సంఖ్య సూది, నూలుగుడ్డకు 14, దళసరిదానికి 16 వాడుచున్నాము. ఉఱుములు మెఱుపులు గల వేళ త్రాడు ఊడదీసి యుంచవలెను. కరెంటు లేనిచో ఇది బల్లమీది బొమ్మ. జీన్సు లాగుల మడతలు, పరుపు గలీబులు మా తొక్కుడుమిషనుకే విడిచిపెట్టితిమి. అది చెడినచో సైకిళ్ళు బాగుచేయువాడైనను సరిచేయగలడు. దీనిలోని ఎలక్ట్రానిక్ పలక చెడినచో పట్నమునకు పంపవలసినదే. వాయిదాలు చెల్లించుచు కొనువారు ఈ సంగతి ముందే లెక్కలో వేసికొనవలెను.

కాజాల సంగతి వేఱు. బొత్తామును పాదము వెనుకనున్న యరలో ఇమిడ్చి, ప్రక్కనున్న చిన్న మీటను దింపి నడిపినచో, బొత్తాము కొలతకు సరిపడు కాజా నిమిషములో పూర్తియగును. పది కుట్టినను పదియు అచ్చున పోసినట్లుండును. ఆ ముచ్చట చూచిన యిరుగుపొరుగువారు తమ పిల్లల చొక్కాలు తెచ్చి యిచ్చుట మొదలిడిరి. మా వీథి చివర మేము పిన్నిగారని పిలుచు నొక పెద్దావిడ కలరు. భర్త గతించిన పిదప చేతికాజాలు, చీరల ఫాల్‌లు కుట్టి యిద్దఱు ఆడుపిల్లలను చదివించుకొనిరి. బజారులో కాజాయంత్రములు వచ్చి చాలకాలమైనది; ఆమెకు మిగిలినది ఇండ్లపని. ఆ యిండ్లవారే యిప్పుడు మా గుమ్మమున నిలిచిరి.

1924లో గాంధీమహాత్ముడు యంత్రములను గూర్చి ప్రసంగించుచు, మినహాయింపునకు ఉదాహరణముగా కుట్టుయంత్రమును పేర్కొనిరి. సింగరు తన భార్య సూదితో పడు శ్రమ చూడలేక దానిని కల్పించెనని వారు చెప్పిరి. (సింగరుగారి కుటుంబచరిత్ర చదివిన స్త్రీ యా మాట నమ్ముట కష్టము, అతని సంసారము లొకటి రెండు కావు.) ఇంటి యిల్లాలి శ్రమ తగ్గుట మంచిదే. ఆ శ్రమయే మఱియొక యిల్లాలికి కూడైనపుడేమి? ఫ్రాన్సులో 1830లో కుట్టుయంత్రమునకు హక్కు పొందిన తిమొన్నియే సైనికుల దుస్తులు యంత్రములచే కుట్టింపగా, పని పోవునని భయపడిన దర్జీలు మూకగా వచ్చి వానిని విఱుగగొట్టిరి. పిన్నిగారు కఱ్ఱ పట్టుకొని రాలేదు. ఒకనాటి మధ్యాహ్నము చేతిసంచితో వచ్చి, యంత్రము కుట్టిన కాజాను వ్రేలితో తడిమి చూచిరి.

“అమ్మాయీ, ఇది కుట్టిన తరువాత కోయుచున్నారు. నేను కోసిన తరువాత కుట్టుదును” అనిరి.

ఆ భేదము చిన్నది కాదు. యంత్రము రెండువైపుల కుట్టు వేసిన పిదప నడుమ గుడ్డను మనము చీల్చుదుము. చీలిన పోగులు కుట్టునకు వెలుపలనే మిగులును. చేతికాజాలో ముందు కోసి, కోసిన అంచుమీదుగనే దారము ముడివేయుచు పోవుదురు. పోగు బయటికి రాదు. నాలుగు ఉతుకులకు మా పెద్దవాని ఖద్దరు లాల్చీ కాజాలు మీసములు మొలిపించినవి. పిన్నిగారు కుట్టిన పాత లాల్చీకి బొత్తాము ఊడినదే కాని కాజా చెదరలేదు.

పొరుగువారి కాజాలు మేము కుట్టమని చెప్పివేసితిమి. కాదన్న ఇరుగుపొరుగుతో మాట పోవునని అత్తగారు, చౌకగా దొరకునది వలదనుట యెవరి తరమని మావారు అనినారు. ఇరువురి మాటలోను నిజము కలదు. బడికి పోవు పిల్లవాని మిల్లుగుడ్డ చొక్కాకు యంత్రపు కాజాయే చాలును. ఆ పని పిన్నిగారికి తిరిగి రాదని మాకును తెలియును. ఖద్దరునకు, పట్టునకు మాత్రము ఆమె చేయియే కావలెనని వచ్చినవారి కందఱికి ఆ రెండు లాల్చీలను చూపి చెప్పుచున్నాము. చీర ఫాల్ కూడ అట్టిదే. యంత్రములో కనబడని అంచుకుట్టు ఒకటి కలదు గాని, పట్టుపై దాని పోట్లు చుక్కలుగా కనబడును. చేతిసూది ఒక్క పోగును మాత్రమే పట్టి లేచును.

పిన్నిగారు వేఱొక లెక్కలో నున్నారు. స్వయంసహాయక సంఘమున అప్పు తీసికొని ఇట్టి యంత్రమే కొన్నచో కాజా కొకటికి ఎంత వచ్చును, కరెంటు పోయిన దినముల మాటయేమి, పలక చెడినచో ఖర్చెంత యని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుచున్నారు. వారమునకు రెండు మధ్యాహ్నములు వచ్చి మా యంత్రముపై కుట్టి చూచుచున్నారు. ఇంకను నిశ్చయించుకొనలేదు. ఈ శ్రావణమునకు మా వీథిలోని పట్టుచీరలు, మావి మూడును కలుపుకొని, ఫాల్‌లకు ఆమె చేతికే పోయినవి.